గులాబీ పేరు చెప్పి తెచ్చిన లవంగ నూనె

మా బాబాయి ఒకప్పుడు గడియారాలు బాగుచేసేవాడు. జనం టైము ఫోనుల్లో చూసుకోవడం మొదలుపెట్టాక కొట్టు మూసేసి, పుట్టగొడుగులు పెంచుతానని ఇంట్లో వెనక గది ఆక్రమించాడు. ఆక్రమించాడన్న మాట నాది కాదు, మా పిన్నిది.

పిన్ని బట్టలు కుడుతుంది. ఆ వెనక గదిలో తన కుట్టుమిషను పెట్టుకోవాలని ఎప్పట్నుంచో ఆవిడ కోరిక. మిషను ముందుగదిలో సరిగ్గా గుమ్మానికి ఎదురుగా ఉండేది. వచ్చిన ప్రతివాడూ దారాలు తొక్కుకుంటూ లోపలికొచ్చి, "కుడుతున్నారా?" అని అడిగేవాడు. "లేదు, ఈత కొడుతున్నాను" అని ఆవిడ ఇంతవరకూ ఒక్కరితోనే అంది. ఆ ఒక్కణ్ణీ నేనే.

చివరికి ఇద్దరికీ ఒక ఒప్పందం కుదిరింది. హోటల్లో వంట చేసే పెద్దాయన ఒకాయన ఈ కాపు చూడ్డానికి వస్తానన్నాడు. ఆయనకు నచ్చితే గది బాబాయిది. నచ్చకపోతే పుట్టగొడుగుల సంచులు బయటికి, మిషను లోపలికి. సాక్షిని నేను. ఇద్దరి చేతి టీ తాగేవాణ్ణి కాబట్టి ఎవరి పక్షమూ కాదని ఇద్దరూ నమ్మారు.

ఉడికించి ఆరబెట్టిన గడ్డి కూరిన ప్లాస్టిక్ సంచులు ఆ గదిలో పైకప్పు నుంచి తాళ్లతో వేలాడేవి. లోపల గడ్డినిండా తెల్లటి దారాలు అల్లుకోవాలి. అవి బాగా అల్లుకున్నాకే పుట్టగొడుగు బయటికి తల పెడుతుంది. చూడవచ్చిన వాళ్లందరికీ బాబాయి ఒకటే పాఠం చెప్పేవాడు. "ఇది మొక్క కాదండీ. వేరు లేదు, ఆకు లేదు. రొట్టె మీద పట్టే బూజు ఉందే, దానికి దగ్గర చుట్టం." కొనుక్కుందామని వచ్చినవాళ్లు ఆ చుట్టరికం విన్నాక, మళ్లీ వస్తామని చెప్పి వెళ్లిపోయేవాళ్లు.

వంటాయన రావలసిన వారంలో మూడు నాలుగు సంచుల మీద ఆకుపచ్చ మచ్చలు లేచాయి. పిలవని బూజు. పిన్ని కంట పడకూడదని బాబాయి ఆ సంచుల్ని గోడవైపు తిప్పాడు. ఆవిడ ఆ గదిలోకి తొంగి కూడా చూడదు. అయినా తిప్పాడు. పోనీ బజారు మందేదైనా కొడదామంటే, 'మా దగ్గర ఏ మందులూ కొట్టం' అని తనే రాయించిన బోర్డు గుమ్మానికి వేలాడుతోంది.

వీధి చివర మొక్కల నర్సరీ ఉంది. నన్ను వెంటబెట్టుకుని బాబాయి అక్కడి ఆవిడ దగ్గరికి వెళ్లాడు.

"అమ్మా, మీ గులాబీలకు మచ్చ తెగులు రాదేం?"

"రాకేం బాబాయిగారూ, వస్తుంది. లవంగ నూనె కొడతాను. బూజు తగ్గుతుంది, పేనుబంక పురుగు కూడా అంతగా దగ్గరికి రాదు. ఎందుకడుగుతున్నారు?"

తన సంచులకు బూజు పట్టిందంటే వీధంతా తెలిసి, వంటాయన చెవిన పడుతుందని ఆయన భయం.

"మా ఇంట్లో గులాబీ ఉందిలే."

నేను బాబాయి మొహంలోకి చూశాను. వాళ్లింట్లో ఉన్న గులాబీ అల్లా పిన్ని దిండు గలీబు మీద కుట్టిందే. దానికి తెగులేమీ లేదు.

నర్సరీ ఆవిడ చిన్న సీసా తీసిచ్చింది. "నూనె నీళ్లలో కలవదు. ముందు కాస్త సబ్బు నీళ్లలో గిలక్కొట్టి, తర్వాత మిగతా నీళ్లు పోయండి. చెట్టు నుంచి వచ్చిందే కదా అని ఎక్కువ పోశారో, ఆకు మాడిపోతుంది. ఎండలో కొట్టద్దు. ముందు ఒక్క ఆకు మీద కొట్టి, ఆగి చూడండి."

"ఆకు లేకపోతే?"

"గులాబీకి ఆకు లేకపోవడమేంటండీ?"

"అంటే... రాలిపోయిందనుకో."

"అంత ముదిరిందా? నేనే వచ్చి చూస్తాలెండి."

"అబ్బే, నీకెందుకమ్మా శ్రమ" అని బాబాయి సీసాతో సహా బయటపడ్డాడు.

ఇంటికొచ్చి కంటికి పాత భూతద్దం బిగించుకుని నూనె చుక్కలు కొలిచాడు. సబ్బు నీళ్లలో గిలక్కొట్టాడు. ఎండ తగ్గేదాకా ఆగాడు. గదిలోకి ఎండ రాదు, అయినా ఆగాడు. ముందు ఒక్క సంచి మీద కొట్టి చూద్దామన్నాను. "వంటాయన ఆగుతాడేంట్రా?" అని అన్ని సంచుల మీదా కొట్టాడు, బాగున్నవాటి మీద కూడా. ముందుజాగ్రత్తట.

"ఇల్లంతా పళ్ల డాక్టరు దగ్గర కూర్చున్నట్టుందేంటి?" అని పిన్ని ముందుగదిలోంచి అరిచింది.

"నీ ముక్కుకి అన్నీ అలాగే ఉంటాయి" అన్నాడు బాబాయి.

పచ్చమచ్చలు నిజంగానే వెనక్కి తగ్గాయి. నన్ను పిలిచి మరీ చూపించాడు. ఆ తర్వాత తెల్లదారాలు పసుపు తిరిగి, ఎక్కడివక్కడ ఆగిపోయాయి. "అలిసిపోయాయిరా, విశ్రాంతి తీసుకుంటున్నాయి" అన్నాడు. ఆయన గొంతులో ధీమా చూసి నేనూ నమ్మాను.

వంటాయన రావడానికి ముందురోజు నర్సరీ ఆవిడ వచ్చింది. దారాలు తొక్కుకుంటూ లోపలికొచ్చి, "గులాబీ ఎలా ఉంది పిన్నిగారూ?" అంది.

"ఏ గులాబీ?" అంది పిన్ని.

బాబాయి ఫ్యాను కేసి చూడసాగాడు. నాకు దాహం వేసి వంటింట్లోకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి వెనక గది తలుపు బార్లా తెరిచి ఉంది. నర్సరీ ఆవిడ ఒక సంచిని వాసన చూస్తోంది.

"దీనికా కొట్టారు?"

"అన్నిటికీ" అన్నాడు బాబాయి.

"అదేంటండీ, అది బూజుని చంపే..." అని ఆవిడ మర్యాదగా ఆగిపోయింది.

పిన్నికి అంత మొహమాటం లేదు. కత్తెర కింద పెట్టింది. "ఏమండీ, ఈ పుట్టగొడుగుకి ఎవరో దగ్గర చుట్టం అనేవారే, ఎవరది?"

"బూజు" అన్నాడు బాబాయి.

"ఆఁ" అని పిన్ని మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.

"నాతో చెప్పుంటే మచ్చపడ్డ సంచులు మాత్రం తీసి అవతల పారేయమనేదాన్ని" అంది నర్సరీ ఆవిడ. "నేను మాత్రం తక్కువదాన్నా? మొదట్లో సబ్బు కలపకుండా కొట్టి మందారాలన్నీ మాడ్చుకున్నాను."

అది ఓదార్పే. బాబాయి మొహంలో మాత్రం మార్పేం రాలేదు.

వంటాయన చెప్పిన రోజునే వచ్చాడు. మంచి భారీ మనిషి. గుమ్మంలోనే ఆగి ముక్కు ఎగబీల్చాడు. బాబాయి నోరు తెరిచాడు. మరో కథ అల్లుతాడనుకుని నేను తల దించుకున్నాను.

"సంచులకి బూజు పట్టిందండీ. దాన్ని చంపబోయి వీటినీ చంపేశాను. తప్పు నాదే" అన్నాడు.

"మందులు కొట్టరని బోర్డుందే?"

"లవంగ నూనె కొట్టానండీ."

"వాసన బాగానే ఉంది" అన్నాడు వంటాయన. కాసేపు సంచుల కింద తిరిగి, కొనడానికేమీ లేదు కనుక వెళ్లిపోయాడు.

బాబాయి ఎవరూ అడక్కుండానే తాళ్లు విప్పి సంచులన్నీ పెరట్లో పెట్టాడు. "ఆ వైపు పట్టుకోరా" అని నా చేత మిషను ఎత్తించి, వెనక గదిలో కిటికీ పక్కన వేయించాడు. పిన్ని కూర్చుని రెండుసార్లు తొక్కి చూసింది.

"మళ్లీ గడ్డి ఎప్పుడు ఉడకబెడతారు?" అంది.

"ఎక్కడ పెట్టను? గది నీదైపోయిందిగా."

"నాదే. అందుకే చెప్తున్నా. ఆ పక్కంతా నేనేం చేసుకోను? తడి నా బట్టల మీదకి రాకుండా అడ్డంగా తెర కుడతాను. ఈసారి బూజు పడితే ముందు నాకు చెప్పండి."

"చెప్తాను."

"ఈ కొస పట్టుకుని నిలబడండి."

బాబాయి కొలత టేపు కొస పట్టుకుని, తెర వెనక తనకంతే చాలన్నట్టు, గోడకు రెండడుగుల దూరంలో ఒదిగి నిలబడ్డాడు. పిన్ని ఒకసారి ఆయన్ని ఎగాదిగా చూసింది. లేచి వెళ్లి, భుజం పట్టుకుని గది మధ్యదాకా జరిపింది.