గొళ్ళెం బాబాయి

ఊరంతా ఆయన్ని గొళ్ళెం బాబాయి అనే పిలిచేది. అసలు పేరు కాగితాల్లో ఉంది, దానితో ఎవరికీ పని పడలేదు.

మా ఊరి సినిమా హాలు పుట్టుకతో హాలు కాదు, ధాన్యం గోదాము. ధాన్యానికి గాలీ వెలుతురూ దేనికని కిటికీలు పెట్టలేదు. యజమాని రేకుల కప్పు కింద బెంచీలు వేయించి, ఎదుటి గోడకు సున్నం కొట్టించి, అదే తెర అన్నాడు. తర్వాత గుడ్డ తెర వచ్చింది, కుర్చీలొచ్చాయి, వాటితోపాటే నల్లులూ వచ్చాయి. తలుపులు రెండూ మాత్రం గోదామువే. గొళ్ళేలు బయటే ఉండేవి. ధాన్యం లేచొచ్చి తలుపు తీయదు కదా.

ఆట మొదలవగానే ఆ గొళ్ళేలు పెట్టడం బాబాయి పని. లేకపోతే టిక్కెట్టు లేని మహానుభావులు చీకట్లో దూరిపోతారు. ఇంకో పనీ ఉండేది. ఒకే ప్రింటును మా హాలూ పక్క ఊరి హాలూ పంచుకునేవి. అక్కడ ఆడేసిన రీళ్ళు సైకిలు మీద ఇక్కడికి రావాలి. అవి ఆలస్యమైతే జనం బెంచీలు విరగ్గొట్టేవాళ్ళు. అందుకని తలుపులు బిగించి బాబాయి కాలవ వంతెన దాకా ఎదురెళ్ళేవాడు.

ఒక వేసవిలో పక్క తలుపు గొళ్ళెం ఎవరో తీసి స్నేహితుల్ని పంపుతున్నారని యజమాని ఓ తాళంకప్ప తెచ్చిచ్చాడు. ఆ వారమే ఒక రోజు మ్యాటనీకి బాబాయి భార్య నాలుగేళ్ళ కూతుర్ని చంకనేసుకుని వచ్చింది. వాళ్ళను లోపల కూర్చోబెట్టి, ముందు తలుపుకు గొళ్ళెం పెట్టి, పక్క తలుపుకు తాళం వేసి, చెవి జేబులో పడేసుకుని ఆయన బయల్దేరాడు. టిక్కెట్లమ్మే అతను భోజనానికి ఇంటికెళ్ళాడు. ఎండకు వీధిలో పురుగు లేదు.

వంతెన మీద నిలబడి వెనక్కి చూస్తే, హాలు ఆపరేటరు గది గాలిగూటిలోంచి నల్లటి పొగ. బాబాయి వెనక్కి పరుగందుకున్నాడు. చెప్పులు ఎక్కడ వదిలేశాడో ఇప్పటికీ తెలియదు. పరుగెడుతున్నంతసేపూ ఒకటే మాట బుర్రలో తిరిగింది: నేనే వేశాను, నేనే వేశాను.

దగ్గరికొచ్చేసరికి లోపలి నుంచి తలుపులు బాదుతున్న చప్పుడు. ముందు గొళ్ళెం లాగితే జనం ఆయన్ని తోసుకుంటూ బయటపడ్డారు. అందులో తన వాళ్ళు లేరు. పక్క తలుపుకు పరిగెత్తాడు. చెవి తాళంలోకి పోదు, రెండుసార్లు కింద పడింది. చివరికి తెరుచుకుంటే, పిల్ల మొహాన్ని కొంగులో చుట్టి పట్టుకుని భార్య దగ్గుతూ వచ్చింది.

ప్రొజెక్టరు దీపం ముందు రీలు ఇరుక్కుని అంటుకుందట. ఆపరేటరు ఇసుక పోసి ఆర్పాడు, అతని వేళ్ళు కాలాయి. అందరూ బతికి బట్టకట్టారు.

"నాకేం భయమెయ్యలేదు. నాన్న తలుపు దగ్గరే ఉన్నాడు, ఇప్పుడే తీస్తాడని అమ్మ చెప్పింది," అని పిల్ల వీధంతా చెప్పుకుంది. మర్నాడు బాబాయి తనే కూర్చుని గొళ్ళేలు ఊడదీసి లోపలి వైపు బిగించాడు. ఇంట్లో కూడా ఆ తర్వాత తలుపు గట్టిగా వేస్తే ఉలిక్కిపడేవాడు.

ఇంటింటికీ టీవీలు వచ్చాక హాలు మూతపడింది. చాలా ఏళ్ళు ఖాళీగా ఉండి మళ్ళీ గోదామైంది. ఒకరోజు బాబాయి అటు వెళ్తే వడ్రంగి గొళ్ళేలు బయటికి మారుస్తున్నాడు. ఆయన అక్కణ్ణుంచి తిన్నగా ఇంటికొచ్చి, ముసలిదైన భార్య ముందు కూలబడ్డాడు.

"ఆ రోజు నేను తలుపు దగ్గర లేనే. వంతెన దగ్గరున్నాను."

"తెలుసు," అందామె. "గొంతు పోయేలా పిలిచాను. పలికితేగా!"

"మరి పిల్లకి అలా చెప్పావేం?"

"ఇంకేం చెప్పమంటారు? నాన్న లేడని చెప్పనా?"

ఆమె తువ్వాలు తీసుకుని స్నానాల గదిలోకి వెళ్ళింది. లోపలి నుంచి, ఆ మంట నాటి నుంచీ ముప్ఫై ఏళ్ళుగా రోజూ అడిగినట్టే, "ఉన్నారా?" అంది. ఇన్నాళ్ళూ అదేదో ఊసుపోక అడుగుతోందనుకుని, వరండాలోంచే ఊ కొట్టేవాడు.

బాబాయి లేచి వెళ్ళి ఆ తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాడు. "ఉన్నాను," అన్నాడు. వినబడిందో లేదోనని మళ్ళీ గట్టిగా అన్నాడు.