మా అమ్మను ఏ ఖానాల రాయాలె?

మా అమ్మ పాలమూరు లేబర్. మా మహబూబ్‌నగర్ దిక్కు నుంచి మన్ను పనికి వలసపోయేటోళ్లను గట్లనే పిలుస్తరు. వాన మొకం చాటేసిన ఏడు మా ఊర్ల లారీ ఎక్కేటోళ్లల్ల మా అమ్మా బాపూ ముందుండేది. మహారాష్ట్రల, కర్ణాటకల, నేను పటంల వెతికితే గాని దొరకని ఊర్లల్ల వాళ్లు కాలువలు తవ్విండ్రు, కట్టలు పోసిండ్రు. నేను అవ్వ దగ్గరుండి చదువుకున్న. బాపు చనిపోయినంక గూడ అమ్మ ఆగలె. తట్ట మోసిన మనిషే నలభై మందికి గుంపు మేస్త్రీ అయింది. ఆడమనిషి మేస్త్రీ అయిందంటె మా దిక్కు చిన్న మాట గాదు. మోకాళ్లు మొరాయించినంకనే ఊర్ల కుదురుకుంది.

తెలంగాణ వచ్చిన కొన్నేండ్లకు నేను మహబూబ్‌నగర్‌ల ఒక చిన్న సంస్థల పనికి కుదిరిన. వలసపోయేటోళ్ల ఇండ్లకు పోయి వివరాలు రాసుకునుడు నా పని. గట్లుండంగ ఒక ఎండకాలం విదేశాల నుంచి ముగ్గురొచ్చిండ్రు. వాతావరణం మారి ఊరిడిచేటోళ్ల గురించి దేశాలన్నీ కూసోని మాట్లాడుకునే సభకు వాళ్లొక నివేదిక తయారు చేస్తున్నరట. వాళ్ల మాట జనానికి, జనం మాట వాళ్లకు చెప్పే పని నాకప్పజెప్పిండ్రు. నేను వాళ్లను మా ఊరికే తీస్కపోయిన.

ముగ్గుర్ల పెద్దామె, తల నెరిసినామె, కారుల నాకు ఫారం చూపించింది. అండ్ల రెండు ఖానాలు. ఒకటి, తప్పనిసరై పోయినోళ్లు. రెండోది, ఇష్టపడి పోయినోళ్లు.

"తుఫానొచ్చి ఇల్లు కొట్టుకపోతే మాకు రాసుడు సులువు. కానీ వాన ఏడాదికింత తగ్గుకుంట వచ్చి చేను బీడైతె, ఆ మనిషిని ఎవరు వెళ్లగొట్టినట్టు? సరిహద్దు దాటలేదు కాబట్టి శరణార్థి అనలేం. ఏమనాలో మా సభల ఇంకా తెగలేదు" అన్నది. ఆమె మాటల దాపరికం లేదు. నాకు నచ్చింది.

మా ఇంటి ముందర చాప పరిచినం. అమ్మ కొంగు సదురుకోని కూసుంది. ఊరిడిచిపోయేటప్పుడు ఎంత భయమేసిందని పెద్దామె అడిగింది. నేను తెలుగుల చెప్పిన.

అమ్మ ఆగకుండ మాట్లాడింది. ఏ వానకాలం దగా చేసింది, బోరు ఎన్నిసార్లు ఎండింది, మొదటిసారి గడ్డపార పట్టినప్పుడు చేతులెట్ల బొబ్బలెక్కినయి, రాళ్ల నేలను ఎట్ల పగలగొట్టాలె, మన్ను కట్ట జారకుండ ఎట్ల పొయ్యాలె, అన్నీ చెప్పింది. నేను ఇంగ్లీషుల, "కరువు వల్ల పోయిన, శానా కష్టపడ్డ అంటున్నది" అని ఊకున్న. వాళ్లకు గదే కావాలని నాకు నేనే అనుకున్న.

అమ్మ నా దిక్కు గుర్రుగ చూసింది.

"నేను గంత చెప్తే నువ్వు గింతే చెప్పినవేందే?"

"జర కుదించి చెప్పిన."

"మడతబెట్టనీకి నా మాటలేమన్న దుప్పటా? మళ్ల చెప్పు. అన్నీ చెప్పు."

నాకు సిగ్గయింది. మొదటి నుంచి మళ్ల చెప్పిన. గడ్డపార, బొబ్బలు, కట్ట, అన్నీ. పెద్దామె వంగి రాసుకుంటనే ఉంది. అంతా అయినంక ఆ రెండు ఖానాలు అమ్మకు వివరించి, ఏ ఖానాల రాయమంటవని అడిగింది.

అమ్మ ఆ ఫారం మీద వేలు పెట్టింది. "వాన మా మెడలు పట్టి నూకిందని రాయకుర్రి. సోకుకు పోయినమని గూడ రాయకుర్రి. వాన రాలె, మేం పోయినం. పోయిన కాడ పని నేర్సినం. అది రాసే జాగా మీ కాయితంల ఉందా?"

లేదని పెద్దామె ఒప్పుకుంది.

"అయితె లేవుర్రి, చూపిస్త" అని అమ్మ వాళ్లను వాగు దిక్కు నడిపించింది. ఆ కథ నాకెరికె. రెండేండ్ల కింద వాగు నుంచి మా ఊరి కుంటకు కాలువ తీసిండ్రు. నీళ్లు సగం దూరమొచ్చి నిలబడ్డయి. అందరూ తలలు పట్టుకున్నరు. అమ్మ లెవల్ పైపు తెప్పించింది. నీళ్లు నింపిన సన్నటి పైపు అది, రెండు కొసలల్ల నీళ్లు ఒక్క మట్టంల నిలబడి నేల ఎత్తుపల్లాలు చెప్తది. ఒక కొస తను పట్టుకోని, ఇంకో కొస ఇంకొకామెకిచ్చి, కాలువ పొడుగూత నడిచింది. ఒక్క కాడ నేల జానెడు ఎత్తున్నదని తేల్చింది. వలసపోయొచ్చిన ఆడోళ్లే పన్నెండు మంది దిగి దాన్ని తవ్విండ్రు. ఆ వానకాలం కుంట నిండింది, కింద బోర్లు మళ్ల పోసినయి.

అమ్మ కట్ట మీద నిలబడి చెయ్యి చాపి చూపిస్తాంటే, ఆ ముగ్గుర్ల ఫోటోలు తీసే ఆయన నెర్రెలిచ్చిన నేల కోసం అటిటు దేవులాడుతుండె. యాడ చూసినా పచ్చగున్న వరి మడులే. పెద్దామె ఆయన్ని పిలిచి, "ఆమెను తియ్యి" అన్నది. గా పొద్దు నా ఛాతీ ఎంత పొంగిందో నాకే తెలుసు. చిన్నప్పుడు బళ్లె "మీ అమ్మేం చేస్తది" అంటే తల దించుకున్న మనిషిని నేను.

కొన్ని నెలలకు నివేదిక ముసాయిదా హైదరాబాద్‌ల చదివిండ్రు. నన్నూ పిలిచిండ్రు. అంతటా "బాధితులు" అనే ఉన్నది. నేను లేచి నిలబడ్డ. "వీళ్లు వట్టి బాధితులైతె దేశంల సగం కాలువలు ఎవరు తవ్విండ్రు?" అని అడిగిన. కొందరు నవ్విండ్రు. పెద్దామె నవ్వలె. వాదన శానాసేపు నడిచింది. చివరికి రెండు ఖానాలు అట్లనే ఉన్నయి గాని, ఒక పేరా కొత్తగ చేరింది. వలసల నేర్చిన పని ఊరిని నిలబెడుతదని, పోయేటోళ్లకు పోయిన కాడ హక్కులు, తిరిగొచ్చేటోళ్లకు ఊర్ల నీళ్లు, రెండూ కావాలని అందుల ఉన్నది.

ఆ పేరా తెలుగు చేసి అమ్మకు చదివి వినిపించిన. రెండుసార్లు చదివించుకున్నది. "మంచిగనే రాసిండ్రు. గని మాతోని తవ్విన పన్నెండు మంది సంగతి లేదు" అన్నది. నిజమే, లేదు.

ఇప్పుడు సర్వేకు కొత్తగ వచ్చే పిల్లలకు నేనే పని నేర్పుతున్న. ఊరెందుకిడిసినవని మొదలే అడగొద్దని చెప్త. నీకేం పనొస్తదని అడుగుమంట. గట్ల అడిగితె మా పాలమూరోళ్లు నడుము నిటారు చేసి కూసోని చెప్తరు.