బొగ్గుకుప్ప వెనుక బొక్కలు

జబ్బుపడ్డ కుక్కను దొంగతిండి మరిగిందనుకొని కట్టేసి, పస్తు ఉంచాను. ఆ తప్పు నాదే. ఈ ఉదయం మా ఇప్పటి ముసలి కుక్క ఆవలిస్తే వచ్చిన కుళ్ళు వాసనకు, బెల్లంపల్లిలోని మా చిన్నప్పటి ఇల్లు గుర్తొచ్చింది.

అక్కడ మా కుక్క పేరు నల్లోడు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక మాంసం కూర తిని, మిగిలిన ఎముకలు, మా మాటల్లో బొక్కలు, వాడికి వేయడం నా పని. వాడు తోక ఊపుతూ నోట కరుచుకొని పోయేవాడు. కానీ కొన్నాళ్ళకు రొట్టె ముట్టడం మానేశాడు, నోరు కంపు కొట్టేది.

"మటన్ దుకాణం కాడ కుళ్ళింది మెక్కి వస్తుండు అవ్వా. కడుపు కాలితే గీ రొట్టె వాడే తింటడు," అన్నాను.

"ముసలోడైండు కొడుకా, జర మంచిగ చూస్కో," అంది అవ్వ.

నేను వినలేదు. గొలుసు వేసి, ఎండిన జొన్నరొట్టె ముందు పడేశాను. ఆ వారం బాపుకు, అంటే మా నాన్నకు, గనిలో రాత్రి షిఫ్టు, పగలంతా పడుకునేవాడు. షిఫ్టు మారాక నల్లోడి నోరు తెరిచి చూశాడు. పళ్ళు ఊడిపోయి, దవడకు చీము పట్టింది.

"తిననని కాదు బిడ్డా, తినరాక పస్తున్నడు," అన్నాడు.

మర్నాడు నల్లోడు చచ్చిపోయాడు. పొయ్యికి బొగ్గు తీస్తుంటే కుప్ప వెనుక నేను వేసిన బొక్కలన్నీ కనబడ్డాయి. ఒక్కదాని మీదా పంటి గాటు లేదు.

ఈ రోజు మా కుక్కను పశువుల దవాఖానకు తీసుకుపోయి, పుచ్చిన పన్ను తీయించాను. ఇంటికొచ్చి జొన్నరొట్టెను పాలలో నానబెట్టి, మెత్తగా పిసికి, దాని ముందు అరచెయ్యి చాపి కూర్చున్నాను.