కొబ్బరినూనె పోసిన పియానో

మా సంఘంలో పియానోకీ నాకూ ఒకే యేడు ముసలితనం అంటగట్టారు. దాని మీద వేళ్ళతో నొక్కే మెట్లు బిగుసుకుపోయాయి, నా వేళ్ళూ బిగుసుకుపోయాయి, కాబట్టి ఇద్దర్నీ ఒకేసారి సాగనంపితే సరిపోతుందని కమిటీవారి ఆలోచన. క్రిస్మస్ లోపల ఎలక్ట్రిక్ కీబోర్డు కొంటారట. పియానోని పాతసామాన్లవాడికి ఇచ్చేస్తారట. నన్ను ముందు వరసలో ఫ్యాను కింద కూర్చోబెడతారట.

రాజోలు దగ్గర మా ఊరి చర్చి అది. పెళ్ళై వచ్చిన నాటి నుంచీ ఆదివారం ఆరాధనకి పియానో వాయించింది నేనే. బళ్ళో లెక్కలు చెప్పి రిటైరయ్యాను, పిల్లల్ని పెంచాను, అందరూ చేసేవన్నీ చేశాను. కానీ ఫలానావారి కోడలిగా, ఫలానావారి భార్యగా కాకుండా ఈ ఊరు నన్ను నన్నుగా చూసింది ఆ స్టూలు మీద కూర్చున్నప్పుడే. వదులుకోమంటే వదులుకోవడానికి అదేమన్నా బస్సులో సీటా?

వాళ్ళు చెప్పిందాంట్లో అబద్ధం లేదు. చికున్‌గున్యా వచ్చి, జ్వరం తన దారిన తను పోయింది గానీ కుడిచేతి ఉంగరపు వేలినీ చిటికెన వేలినీ మాత్రం నొప్పులు వదల్లేదు. పియానో సంగతి చెప్పక్కర్లేదు. మెట్టు నొక్కితే దిగదు, దిగిందా, లేవదు. ఇనపముక్కల్లాంటి వేళ్ళున్నవాళ్ళకే కష్టం. అయితే నేను లెక్కల టీచర్ని. మెట్లు తేలిగ్గా కదిలితే నా వేళ్ళు చాలు, కదలకపోతే నా పని ముగిసినట్టే. అంటే బాగుచెయ్యాల్సింది నన్ను కాదు, మెట్లని.

"టీచరుగారూ, మనిషన్నాక విశ్రాంతి ఉండాలండి" అన్నారు సంఘ పెద్ద. ఆయన మా మావగారికి తమ్ముడి వరస, నాకు చినమావయ్యగారు. నలుగురిలో టీచరుగారంటారు, ఇంట్లో అమ్మా అంటారు. "మా అల్లుడుగారు పెళ్ళిళ్ళకి కీబోర్డు వాయిస్తారు కదండీ. ఆయన చూసుకుంటారండి."

"క్రిస్మస్‌కి ఇంకా టైముంది కదండీ. ఈలోపల నేను బాగుచేస్తాను" అన్నాను.

"మీరా అండీ?"

"ఆయ్. నేనేనండి."

మా వైపు తగాదాలు కూడా అండీలతోనే సాగుతాయి. ఎదుటివాళ్ళకి అది మెత్తదనంలా కనిపిస్తుంది, అదే మాకు లాభం.

చెన్నైలో పియానోలు బాగుచేసే ఒకాయనకి ఫోన్ చేశాను. అంత దూరం రాలేనన్నాడు. గోదావరి గాలికి కొయ్య ఉబ్బుతుంది, దానికి మందు లేదన్నాడు. మందు సంగతి నేను చూసుకుంటాను, విప్పడం ఎలాగో చెప్పమన్నాను. వీడియో కాల్‌లో చూపించి, ఎర్రటి ఉన్నిగుడ్డ ముక్కలు పార్సిల్ పంపాడు.

పియానో మెట్టు అంటే పార్కులో పిల్లలెక్కే తూగుబల్లలాంటిది. ముందు నొక్కితే వెనక లేచి, పైనున్న చిన్న సుత్తిని తీగ మీదికి విసురుతుంది. మెట్టు పక్కకి ఒరగకుండా మధ్యలో ఒక మేకు, ముందర ఒక మేకు. ఆ మేకులు దూరే చిల్లుల్లో చప్పుడు కాకుండా ఉన్నిగుడ్డ అతికించి ఉంటుంది. ఇంతే సంగతి. సుత్తుల చట్రం బరువుగా ఉంటుంది కాబట్టి ఎత్తడానికి మా తోడికోడల్ని తీసుకెళ్ళాను.

"అక్కా, దీని పేగులన్నీ బయటెట్టేసేవు. మళ్ళీ లోపలెట్టగలవా?" అంది, చట్రాన్ని బల్ల మీద దించి.

"నీ నోరు కన్నా సులువే" అన్నాను.

మొదటి మెట్టు పైకి లాగగానే వాసన గుప్పుమంది. ముక్కిపోయిన కొబ్బరినూనె. మేకు చుట్టూ, చిల్లు లోపల, ఉన్నిగుడ్డ నిండా తెల్లగా నెయ్యిలా పేరుకుని ఉంది. రెండోది లాగితే అదే, మూడోది లాగినా అదే. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

డిసెంబరొస్తే మా ఇళ్ళల్లో నూనె సీసా పిట్టగోడ మీద ఎండలో పెట్టందే తలకి రాసుకోలేం. ఆ సంగతి ఇక్కడ పసిపిల్లలకి కూడా తెలుసు. ఏటా సరిగ్గా ఆ నెలలోనే పియానో మొరాయించేది. దొరల వస్తువు, మన గాలి పడదులెమ్మనేవారు. చలిదేశంలో పుట్టినదానికి మన చలి పడకపోవడమేమిటని ఒక్కరూ అడగలేదు.

మధ్యాహ్నం చినమావయ్యగారు చూడ్డానికి వచ్చారు.

"మావయ్యగారూ, ఇందులో కొబ్బరినూనె ఎవరు పోసేరండి?"

"నేనేనమ్మా" అన్నారు, మొహం చేటంత చేసుకుని. "కిర్రుకిర్రుమంటుంటే వినలేక ఏటా పోస్తున్నాను. బయట కొన్నది కాదమ్మా, మన తోట కాయే. దగ్గరుండి గానుగాడించేను."

నవ్వాలో తిట్టాలో తెలియలేదు. చివరికి తిట్టడానికే నిశ్చయించుకున్నాను. "దీనికేం తలనొప్పి లేదండి తలంటడానికి" అన్నాను.

"తలుపు బందులకీ అదే, సైకిలు చైనుకీ అదే, పసిపిల్లల ఒంటికీ అదే కదమ్మా. దీనికెందుకు పడదూ?" అని నిజంగానే బాధపడ్డారు.

ఆయన ప్రేమే ఆ పియానో పీక నొక్కింది. పాతసామాన్లవాడికి మాత్రం కబురు పెట్టొద్దని చెప్పాను.

ఆ తర్వాత పని మొండిపని. పాత ఉన్నిగుడ్డని ఇస్త్రీపెట్టె ఆవిరికి నానబెట్టి గీకెయ్యడం, చిల్లులు స్పిరిట్‌తో కడిగి ఆరబెట్టడం, మేకులు చింతపండుతో తోమి పొడిగుడ్డతో తుడవడం, కొత్త గుడ్డ అతికించడం. కొయ్యకి కొయ్య తగిలేచోట ఈసారి నూనె చుక్క లేదు, పెన్సిలు ములుకు పొడి రాశాను. మెట్లు ఎత్తుపల్లాలుగా ఉంటే శుభలేఖల అట్ట గుండ్రంగా కత్తిరించి అడుగున వేశాను. ఊళ్ళో సగం పెళ్ళిళ్ళు ఇప్పుడు ఆ మెట్ల కిందే ఉన్నాయి.

చెన్నై ఆయన ఏవో కొలతలు చెప్పాడు. ఎంత బరువుకి మెట్టు దిగాలో, ఎంత లోతు దిగాలో. విని పక్కన పెట్టాను. నా కొలత నా చిటికెన వేలు. పొద్దున్నే, అది బాగా మొరాయించే వేళ, దాంతోనే ఒక్కో మెట్టూ నొక్కి చూశాను. ఆ వేలికి లొంగని మెట్టుని మళ్ళీ ఊడదీశాను. గట్టి వేళ్ళవాళ్ళ కోసం చేసిన వస్తువు నా వేలి మాట ఎందుకు వినదో చూద్దామనుకున్నాను. విసుగొచ్చింది, ఏడుపొచ్చింది, తోడికోడలి మీద అరిచాను. చివరికి అన్నీ విన్నాయి.

క్రిస్మస్ ముందు శనివారం కమిటీవారు వచ్చారు. మావయ్యగారు ఒక మెట్టు నొక్కి, "అబ్బ, వెన్నలా దిగుతోందండి!" అన్నారు. అందరూ మెచ్చుకున్నారు. నాకు కడుపు నిండింది.

అప్పుడాయన గొంతు సవరించుకున్నారు. "ఇంత బాగయ్యేక కీబోర్డు కొనడం దండగండి. పియానోయే ఉంచేద్దాం. రేపటి నుంచి మా అల్లుడుగారు దీన్నే వాయిస్తారండి. టీచరుగారు చాలా కష్టపడ్డారు, ఇక నిశ్చింతగా కూచుంటారు."

అందరూ తలలూపారు. ఒకరిద్దరు చప్పట్లు కూడా కొట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది. పియానో మూత వేసి బయటికొచ్చేశాను.

"సొమ్మొకడిది, సోకొకడిది" అంది తోడికోడలు ఇంటికి వస్తూ. "ఏం చేస్తావక్కా?"

"చూస్తూ ఉండు" అన్నాను.

ఆదివారం అందరికన్నా ముందు వెళ్ళి స్టూలు మీద కూర్చున్నాను. జనం వచ్చారు, బెంచీలు నిండాయి. అల్లుడుగారు కొత్త చొక్కా వేసుకుని వచ్చి, పియానో పక్కన నిలబడి ఇబ్బందిగా నవ్వారు. పాపం, ఆయన తప్పేం లేదు. మావయ్యగారు పాటల పుస్తకం పట్టుకుని దగ్గరికొచ్చి వంగారు.

"అమ్మా, అల్లుడుగారు వచ్చేరు."

"చూసేనండి. కూచోమనండి. ఫ్యాను కింద చల్లగా ఉంటుంది."

"అది కాదమ్మా. నిన్న అనుకున్నాం కదా. అందరూ చూస్తున్నారు, లేమ్మా."

"చూడనివ్వండి మావయ్యగారూ. మీరు పాట నంబరు చెప్పండి."

ఆయన కదల్లేదు. నేనూ కదల్లేదు. బెంచీల్లో గుసగుసలు మొదలయ్యాయి, తర్వాత అవీ ఆగిపోయాయి. నా చిటికెన వేలు పొద్దుటి నుంచీ సలుపుతూనే ఉంది. దాన్నే మెట్టు మీద పెట్టాను.

మావయ్యగారు వెనక్కి వెళ్ళి, గొంతు సవరించుకుని, నంబరు చెప్పారు. సంఘమంతా లేచి నిలబడింది. నేను లేవలేదు.