ముందు పెట్టె, తర్వాత వస్తువు

కోడలు కాపురానికి వచ్చిన మొదటి చలికాలంలోనే ఒక సంగతి గ్రహించింది. ఆమె మామగారు ఏ వస్తువునూ నేరుగా ఇంట్లోకి రానివ్వరు. ముందు ఆ వస్తువంత ఖాళీ అట్టపెట్టె రావాలి. వస్తువు ఉండాల్సిన చోట ఏడు రోజులు అది కాపురం చెయ్యాలి. అప్పటికీ ఇంటివాళ్ళకు మోజు తీరకపోతే, ఎనిమిదో రోజున వస్తువు.

ఈ చట్టం ఏడాదంతా నిద్రపోతుంది. చలికాలం సెలవులు రాగానే లేచి కూర్చుంటుంది. బజారు నిండా తగ్గింపు బోర్డులు, ఇంటి నిండా చుట్టాలు, నోటి నిండా కోరికలు.

"జేబుకి చిల్లు పెట్టేది అవసరం కాదమ్మా, కన్ను. దాన్ని ఏడు రోజులు ఆపితే చాలు," అంటారాయన.

ముప్పై ఏళ్ళు గాజు సామాన్ల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేసి రిటైరయ్యారు. ఆయన కట్టిన పెట్టెలో గ్లాసు పగిలిందని ఒక్క ఉత్తరమూ రాలేదట. కత్తెరా టేపూ చేతికిస్తే ఏనుగుకైనా కొలత తప్పకుండా పెట్టె కడతారు. వీధిలో ఆయన పేరు పెట్టెల మామయ్య.

ఒక చలికాలం కొడుకు పెద్ద టీవీ అడిగాడు. గోడకు అంత పెట్టె వేలాడింది. మూడో రోజుకు కొడుకు మెడ పట్టుకుని వచ్చాడు.

"నాన్నా, ఇంత దగ్గర నుంచి చూస్తుంటే మెడ లాగేస్తోంది."

"ఖాళీ పెట్టెని చూస్తేనే లాగుతోందంటే, దాన్లో బొమ్మలు కూడా కదిలితే?"

టీవీ మాట మళ్ళీ రాలేదు.

ఇంకో ఏడు అత్తగారు రూము హీటరు అడిగారు. మంచం పక్కన పెట్టె వెలిసింది.

"ఏమండీ, పళ్ళు టకటకలాడుతున్నాయి."

"ఇంకా అయిదు రోజులే. ఓపిక పట్టు."

"నాకు ఓపిక ఉంది. పళ్ళే అప్పటిదాకా ఉంటాయో లేదో."

అత్తగారి మోజు తీరలేదు, చలీ తీరలేదు. ఎనిమిదో రోజున హీటరు వచ్చింది. సెలవుల ఖర్చుకు తీసి ఉంచిన సొమ్ములో రూపాయి కదలలేదు. ఎక్కడో దాచుకుని ఉంటారులే అనుకున్నారంతా.

సోఫా వ్యవహారం మాత్రం రెండు కుటుంబాల చరిత్రకెక్కింది. అట్ట సోఫా పెట్టిన అయిదో రోజున కోడలి తండ్రి సెలవులకని వచ్చారు. కొత్త సోఫా చూసి ముచ్చటపడ్డారు. ఎవరూ అడ్డుపడేలోగా కూర్చున్నారు. ఫట్‌మంది. మోకాళ్ళు పైన మిగిలాయి, మనిషి లోపలికి వెళ్ళిపోయాడు.

"బావగారూ, సోఫా మరీ మెత్తగా ఉందండీ!" లోపలి నుంచి గొంతు.

"మంచిదైంది బావగారూ, ముందే తెలిసింది. మన బరువులకి టేకుదే తీసుకోవాలి."

సెలవులు మొదలైతే మామగారికి ఇంకో వ్యాపకం పట్టుకుంటుంది. పెట్టె ఏ రోజు పెడితే ఆ రోజు నుంచీ, టిఫిను తినగానే, "ధరలు చూసొస్తా," అని బయల్దేరతారు. దీపాలు పెట్టేవేళకు గాని ఇల్లు చేరరు.

"పొద్దస్తమానం ధరలు చూస్తారా ఎవరైనా?" అని కొడుకు నవ్వేవాడు.

"ఈయన్ని చూసి ధరలే దడుచుకుంటున్నాయేమోరా," అనేవారు అత్తగారు.

ఈ ఏడాది వంతు కోడలిది. ఆమెకు మోటారు కుట్టు మిషను కావాలి. సరదాకు కాదు. పక్క వీధి బడి పెద్ద టీచరు అరవై జతల యూనిఫారాలు కుట్టిస్తానంది. ఒకే షరతు. బడి తెరిచేనాటికి మిషను ఇంట్లో ఉండాలి. లేకపోతే పని ఇంకొకరికి పోతుంది. షాపులో తగ్గింపు ఆరు రోజులే. ఏడో రోజు పాత ధర. ఆ ధర ఈ ఇంటికి అందదు.

"మామయ్యగారూ, ఈ ఒక్కసారికి పెట్టె వద్దండీ. ఆరు రోజులు దాటితే నా పని పోయినట్టే."

"అరవై జతలా?"

"అరవై."

ఆయన కత్తెర అందుకున్నారు. "అయితే పెట్టె కాస్త గట్టిగా కట్టాలి."

కోడలు రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున ఆయనే వచ్చి కిటికీ దగ్గర పెట్టె ముందు నిలబడ్డారు.

"ఇలా కూర్చో అమ్మా. చూశావా, వెలుగు కుడి నుంచి వస్తోంది. నీ చేతి నీడ నీ కుట్టు మీదే పడుతుంది. అటు గోడకి మారుద్దాం."

"అట్టపెట్టె మీద ఏం కుడతాను మామయ్యగారూ, నా తలకాయ?"

"తలకాయకైనా వెలుగు కావాలిగా," అని పెట్టె జరిపి, ధరలు చూడ్డానికి వెళ్ళిపోయారు.

ఆరో రోజున కోడలు ఆగలేకపోయింది. రెండు రోజులు గడువు అడుగుదామని తనే షాపుకు వెళ్ళింది. లోపల ఇసక వేస్తే రాలనంత జనం. ప్యాకింగ్ కౌంటరు ముందు గుమ్మం దాకా వరస. కౌంటరు వెనక, నీలం ఏప్రన్ కట్టుకుని, మామగారు.

గాజు కప్పుల సెట్టు కడుతున్నారు. ఆయన వేళ్ళు అంత వేగంగా కదలడం ఆమె ఎన్నడూ చూడలేదు. నోరు మాత్రం తీరిగ్గా ఉంది.

"ఇది ఎక్కడ పెడతారమ్మా?"

"అల్మారాలో."

"అల్మారా కొలిచారా?"

కప్పులు కొన్నామె కళ్ళు తేలేసింది. "లేదే."

షాపు యజమాని తల పట్టుకున్నాడు. పక్కనే నిలబడ్డ కోడలితో మొర పెట్టుకున్నాడు. "చూశారా అమ్మా? పది కడితే ఇద్దరిని ఇంటికెళ్ళి కొలిచి రమ్మని వెనక్కి పంపిస్తాడు. అయినా సెలవుల్లో ఈయన లేందే నాకు గడవదు. ఈయన కట్టింది పగలదు."

"ఎన్నాళ్ళ నుంచి వస్తున్నారు?"

"నాలుగైదేళ్ళయింది. వచ్చాడంటే సరిగ్గా ఏడు రోజులు. ఇంట్లోవాళ్ళు ఏది అడిగితే అది మొదటి రోజే పక్కన పెట్టించి, కొంత కడతాడు. మిగతాది కూలిలో పట్టుకోమంటాడు. ఒకసారి హీటరు. ఓసారి సోఫా, ఇక్కడ దొరక్కపోతే పక్క షాపులో నేనే ఇప్పించా. ఈసారి అదిగో."

మూలన కుట్టు మిషను ఉంది. దాని మీద చీటీ. తగ్గింపు ధర, అయిదు రోజుల కిందటి తేదీ, కింద 'మా కోడలికి' అని మామగారి రాత.

"రేపటి కూలితో సరి," అన్నాడు యజమాని.

అప్పుడు తలెత్తి చూశారు మామగారు. చేతిలో టేపు వేలికి అంటుకుపోయింది.

"నువ్విక్కడేం చేస్తున్నావమ్మా?"

"ధరలు చూద్దామని వచ్చా మామయ్యగారూ."

"ఊఁ." ఆయన టేపు విడదీసుకుంటూ గొంతు తగ్గించారు. "మీ అత్తయ్యకి చెప్పకు. ఈ వయసులో పనేంటని మాన్పిస్తుంది. మాన్పించకపోతే ఫ్రిజ్ అడుగుతుంది. రెండూ ప్రమాదమే."

వరసలో ఎవరో విసుక్కున్నారు. "ఎవరండీ ఈ పెద్దాయన? ఒక్కో పెట్టెకి ఇన్ని ప్రశ్నలా?"

కోడలు వెనక్కి తిరిగింది.

"మా మామయ్యగారు," అంది. గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్ళకు కూడా వినిపించింది.

చీర కొంగు నడుముకు దోపి కౌంటరు వెనక్కి వెళ్ళింది. ఆయన కప్పుల పెట్టె చుట్టూ దారం రెండు చుట్లు తిప్పి, ముడి వెయ్యబోతూ ఆగారు.

"ఇక్కడ వేలు పెట్టి పట్టుకో."

పట్టుకుంది.