పార్కు స్థలంలో నీటికోళ్ళు

కరిముల్లాకి గవర్నర్‌పేటలో బట్టల కొట్టు. 1997లో వీరభద్రయ్యతో కలిసి పటమట అవతల, కాలువ పక్కన పొలం కొన్నాడు. ప్లాట్లు వేసి అమ్మాలని వాళ్ళ ఆలోచన. కొలతలు వేయించడానికి వెళ్ళిన రోజు ఒక మూల జమ్ము పెరిగిన పెద్ద గుంట కనిపించింది. అందులోంచి ఎర్రముక్కు నీటికోడి ఒకటి మెడ నిక్కించి చూసి, నల్లటి బొచ్చుముద్దల్లాంటి పిల్లల్ని వెంటేసుకుని గట్టు దాటింది. కరిముల్లా వచ్చిన పని మర్చిపోయి నిలబడిపోయాడు.

"ఈ గుంటని పార్కు కింద వదిలేద్దామండీ" అన్నాడు.

వీరభద్రయ్య నవ్వాడు. "పార్కంటే ఉయ్యాలలుండాలి కరిముల్లా గారూ. బురదగుంట చూపిస్తే ప్లాటు ఎవరు కొంటారు?"

పక్షుల మాట ఎత్తితే లాభం లేదని కరిముల్లాకి అర్థమైంది. అంత లోతు పూడ్చాలంటే ఎంత మట్టి తోలించాలో ఆలోచించమన్నాడు. ఆ మాట చెవికెక్కింది. గుంట మిగిలింది. కరిముల్లా దానికెదురుగానే ఇల్లు కట్టుకున్నాడు. అతని భార్య జుబియా వంటింటి కిటికీలోంచి బుడుబుంగలు మునిగి తేలడం చూస్తూ కూర మాడబెట్టేది.

కాలనీ నిండాక ఓ వానాకాలం, పక్క వీధి మాధురి బాత్రూములోకి పాము దూరింది. కరిముల్లా వెళ్ళి కర్రతో బయటికి తోలాడు.

"నీరుకట్టె అమ్మా, విషం ఉండదు."

"ఆ సంగతి మీకు తెలుసు. లోపల తలుపేసుకున్న నాకెలా తెలుస్తదండీ?" అంది మాధురి.

ఆ ఆదివారమే కాలనీ సంఘం మీటింగు పెట్టింది. పాములు, దోమలు, మొత్తం పూడ్చేద్దామన్నాడు అధ్యక్షుడు సంజీవరావు. దోమలు మురుగుకాలవలో పుడుతున్నాయి, గుంటలో చేపలున్నాయి కదా అని కరిముల్లా గొంతు పోయేలా వాదించాడు. పాములు బయటికి రాకుండా చుట్టూ సన్నటి వల కట్టిస్తానన్నాడు. చివరికి సగం పూడ్చి సగం ఉంచడానికి ఒప్పుకున్నారు.

వల కట్టించాడు. ఆ వల తొలగించి మరీ, మిగిలిన సగంలో ఇటుకముక్కలు పోశారు. ఒకరోజు కరిముల్లా ట్రాక్టరుకి అడ్డంపడ్డాడు.

"ఎవరు పొయ్యమన్నారయ్యా?"

"సంజీవరావు గారేనండీ. మేడ మీద గది వేస్తన్నారు."

కరిముల్లా రుసరుసలాడుతూ వాళ్ళింటికెళ్ళాడు.

"ఒక్క ట్రాక్టరేగా కరిముల్లా గారూ!" అన్నాడు సంజీవరావు. కాలనీలో అందరూ ఒక్క ట్రాక్టరే పోశారు. రెండేళ్ళలో జమ్ము పోయింది, నీటికోళ్ళూ పోయాయి.

ఆ తర్వాత వీరభద్రయ్య కంకిపాడు వైపు ఇంకో పొలం చూసి కరిముల్లా ఇంటికి వచ్చాడు. "అక్కడా గుంటుంది. మీకోసం వదిలేద్దాం."

"వదిలేస్తే చాలదండీ. పూడ్చకూడదని ప్రతి రిజిస్ట్రేషన్‌లోనూ రాయిద్దాం."

"అలా రాస్తే కొంటారా ఎవరైనా?"

"అయితే నన్నొదిలేయండి" అని లేచి లోపలికొచ్చేశాడు కరిముల్లా.

జుబియా అంతా విన్నది. "నువ్వు తప్పుకుంటే ఆ గుంట బతుకుద్దా?" అని అడిగింది.

కరిముల్లా విసురుగా చొక్కా తొడుక్కుని వీరభద్రయ్య ఇంటికి వెళ్ళాడు. మధ్యాహ్నం దాకా వాదించుకుంటే, గుంట చుట్టూ గోడ కట్టడానికి మాత్రం ఆయన ఒప్పుకున్నాడు. రిజిస్ట్రేషన్ మాట ఎత్తనివ్వలేదు. గోడకి గేటు ఉంటుంది, గేటుకి తాళం ఉంటుంది, ఆ తాళంచెవి రేపు ఏ సంఘం చేతికిపోతుందో తెలియదు. అయినా సరేనని కరిముల్లా కొత్త పొలం కాగితాల మీద సంతకం పెట్టాడు.