మా మామకు నేను వండిన కొర్రన్నం

ఇంటికొచ్చిన మనిషికి స్వయంగా వండి, వడ్డించి, చివరికి ఆకలితో ఇంట్లోంచి వెళ్ళగొట్టిన ఘనత నాది. ఆ మనిషి ఎవరో దారిన పోయేవాడు కాదు, సాక్షాత్తూ నాకు పిల్లనిచ్చిన మామ. ఆ పూట నేనెంత కోపంగా ఉన్నానో, ఎంత తెలివితక్కువగా ఉన్నానో చెబుతాను. మీరు నవ్వుకోండి. నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, అదీ నా మీదే.

తొంభైల మొదట్లో సంగతి. సూర్యాపేటలో కిరాయి ఇంట్లో ఉంటూ బడిలో సైన్సు చెప్పేవాణ్ణి. మామ మిర్యాలగూడలో నలభై ఏళ్ళు రైసు మిల్లులో పనిచేసిన మనిషి. మూడు పూటలా అన్నమే. అలాంటాయనకు షుగరొచ్చింది. దవాఖానలో చూపించుకుందామని మా ఇంట్లో దిగాడు. డాక్టరు అన్నం మానెయ్యమన్నాడు, చపాతీ తినమన్నాడు. మామకు గోధుమ పడదు. ఒక్క చపాతీ తింటే రెండు రోజులు కడుపు పట్టుకుని కూర్చుంటాడు. ఆ మాట చెబితే, "అయితే కొర్రలు వండుకోండి" అన్నాడు డాక్టరు. అన్నం పోయిన కోపమంతా మామ ముఖంలోనే కాపురం పెట్టింది, తిట్లన్నీ కొర్రల మీదే.

నా భార్య సరళ నాలుగు రోజులు జొన్నరొట్టెలతో నెట్టుకొచ్చింది. అయిదో రోజు పొద్దున్నే చిన్నమ్మ మనవరాలిని ఉయ్యాల్లో వేసే తొట్టెలకు కోదాడ బయల్దేరింది.

"రొట్టెలు చేసి పెట్టిపోత, నాయినకు ఎయ్యిండ్రి" అంది.

"ఎందుకు? కొర్రలు నేనే వండుత."

"మీకు చాయ పెట్టుడే రాదు."

చురుక్కుమంది. "సైన్సు చెప్పెటోనికి గింజ ఉడకబెట్టుడు రాదా?"

"గట్లగాదు, కొర్రలు కొనేటప్పుడు జర సూసి..."

"నాకేం చెప్పకు!"

ఆమె నోరు మూసుకుని సంచి అందుకుంది. భార్య నోరు మూయించానని మురిసిపోయిన మగవాళ్ళలో నేనే ఆఖరివాణ్ణి కావాలని కోరుకుంటాను.

అంగట్లో తిరుమలగిరి నుంచి వచ్చిన ఒక అవ్వ ముందు రెండు కుప్పలున్నాయి. ఒకటి వెలిసిపోయిన పసుపు. రెండోది పెళ్ళికూతురి మెళ్ళో గొలుసులా మెరుస్తోంది.

"మెరిసేయి ఇయ్యి" అన్నాను.

"కోళ్ళకా సారూ?"

"కోళ్ళకు గాదు, మా మామకు!" గట్టిగా అరిచాను. పక్కన మిరపకాయలు కొనేవాళ్ళు తిరిగి చూశారు.

"మామకైతే గవి గాదు సారూ, గివి..."

"ఏవి మంచియో నాకు తెల్సు. కొలువు!"

అవ్వ కొలిచింది. "మీ మామ రాత" అని గొణిగింది.

ఇంటికొచ్చి కుక్కర్లో పడేశాను. మూడు విజిల్స్ లెక్కపెట్టుకుని దింపుదామని కూర్చున్నాను. ఒక్కటీ రాలేదు. అరగంటైంది. కుక్కరు అలిగిన కొత్తల్లుడిలా మూతి బిగించుకుని కూర్చుంది. "కూత పెట్టవా నువ్వు?" అని దాన్ని కూడా తిట్టాను. మర్యాదగల కుక్కరు, మాట పడలేదు. ఢామ్మని మూతలోని సేఫ్టీ బిళ్ళ ఎగిరిపోయి, సగం కొర్రలు ఇంటి కప్పుకు అతుక్కున్నాయి.

"ఏందల్లుడూ గా సప్పుడు?" ముందు గదిలోంచి మామ.

"ఉడికింది మామయ్యా, రండి!"

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. ఆ ఒక్క మెతుకే నేను చూడలేదు. మిగిలిన సగం కంచంలో పెట్టి, పైన పప్పు పోసి, గర్వంగా ఎదురుగా కూర్చున్నాను.

మామ ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఇంకా నమిలాడు. మింగబోయి ఆగిపోయాడు. కళ్ళు పెద్దవయ్యాయి. దగ్గు అందుకుంది. వీపు మీద చరిచాను, చెంబెడు నీళ్ళు తాగించాను. గొంతులో ఇరుక్కున్నది కిందికి దిగేదాకా నా ప్రాణం నాది కాదు. ఊపిరందగానే ఆయన వేళ్ళతో ఒక గింజ నలిపి, నా కళ్ళ ముందు పెట్టాడు.

"ఇదేంది?"

"కొర్ర, మామయ్యా."

"కొర్ర గాదు, కొర్ర మీది పొట్టు! దంచని గింజలు వండినవ్. నలభై ఏండ్లు మిల్లుల జేసిన, ఊక ఎట్లుంటదో నాకు తెల్వదా? ఊకను మేము బాయిలర్ల పోస్తం. నువ్వు మామ నోట్లె పోసినవ్!"

"కోపం చేయకుండ్రి, ఇంకేదన్న వండిపెడ్త..."

"నువ్వేం పెట్టకు!"

సంచి భుజాన వేసుకుని చరచరా బస్టాండుకు నడిచాడు. వెనకాల నేను, చేతిలో గరిటెతో. చూసినవాళ్ళు నేను మామను కొట్టడానికి తరుముతున్నాననుకుని ఉంటారు. ఆయన మిర్యాలగూడ బస్సెక్కలేదు, బస్టాండు ఎదురుగా ఉన్న హోటల్లో దూరాడు. నేను చేరేసరికి విస్తరి నిండా తెల్లటి అన్నం.

"మామయ్యా, డాక్టరు అన్నం తినొద్దన్నడు!"

"డాక్టరు అన్నం ఒక్కటే వద్దన్నడు. నువ్వు నా పాణమే వద్దన్నవ్. మీ ఇద్దర్ల నాకు డాక్టరే నయం. ఇంకో ముద్ద తిన్నంక ఆయన మాట ఇంట."

తొట్టెల తొందరగా ముగిసి, అప్పుడే కోదాడ బస్సు దిగిన సరళ హోటలు గుమ్మంలో నిలబడింది. తండ్రి ముందున్న అన్నం చూసింది. నా చేతిలోని గరిటె చూసింది. తండ్రి చేయి పట్టి లేపి, నన్ను వదిలేసి, ఇంటికి తీసుకుపోయింది. ఆ తర్వాత రెండు రోజులూ ఇంటి కప్పు కడిగిన చప్పుడే తప్ప మాటల చప్పుడు లేదు. కడిగింది నేనే.

మూడో రోజు ఆమె దంచిన కొర్రలు తెచ్చి, నానబెట్టి, పువ్వుల్లా వండింది. మామ రెండుసార్లు అడిగి పెట్టించుకున్నాడు. చేయి కడుక్కుంటూ నన్ను పిలిచాడు.

"అల్లుడూ, కొర్రలు మంచియే. నేను అనవసరంగ గింజను తిట్టిన."

అంతే అన్నాడు. పంచభూతాల సాక్షిగా ఆ క్షణమే ప్రతిజ్ఞ చేశాను: మా మామ నిండు నూరేళ్ళు బతకాలి, అందుకోసం నా జన్మలో మళ్ళీ ఆయనకు వండిపెట్టను.